గాలిలో వచ్చే టీవీకి తాళం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మనం ప్రతి సమావేశంలోనూ మాట్లాడుకుంటూనే ఉన్నాము. ఈసారి కార్యదర్శిగారు "మీరు అమెరికా వెళ్ళివచ్చారు కదా, మనవాళ్ళకు పనికివచ్చే సంగతి ఏదైనా చెప్పండి" అని ఆదేశించారు. మనలో చాలామంది పిల్లలు అక్కడే ఉన్నారు. ఏడాదికో రెండేళ్ళకో వెళ్ళి ఆరేసి నెలలు ఉండి వస్తున్నాము. పిల్లలు ఆఫీసులకు, మనవలు స్కూళ్ళకు వెళ్ళాక పగలంతా మనకు తోడు టీవీయే. అందుచేత అక్కడి యాంటెన్నా టీవీ గురించి, దానిని రికార్డు చేసే కొత్తరకం పెట్టెల లోటుపాట్ల గురించి మనవి చేస్తాను. సాంకేతిక విషయం గుమస్తాకేం తెలుసు అనుకోకండి. ఇది అసలు నకళ్ళ వ్యవహారం. నకలు విషయం గుమస్తాకు తెలిసినట్లు ఇంకెవరికి తెలుస్తుంది?

అమెరికాలో కేబుల్ బిల్లు కట్టనక్కర లేకుండా, ఒక చిన్న యాంటెన్నా పెట్టుకుంటే చాలు, ఎన్.బి.సి., సి.బి.ఎస్., ఎ.బి.సి., ఫాక్స్, పి.బి.ఎస్. వంటి ఛానెళ్ళు ఉచితంగా వస్తాయి. 2009 జూన్ 12న అక్కడి పెద్ద స్టేషన్లన్నీ పాతకాలపు అనలాగ్ ప్రసారాలు ఆపి డిజిటల్‌కు మారిపోయాయి. ఆ పద్ధతి పేరు ఎ.టి.ఎస్.సి. 1.0. ఈ ప్రసారానికి తాళం లేదు. రికార్డరు పెట్టె చేసే పని మన తపాలు గుమస్తా పనే. వచ్చిన కాగితాన్ని వచ్చినట్టు ఫైల్లో పెట్టడం. ఆ ఫైలును కంప్యూటర్లో చూసుకోవచ్చు, పెన్ డ్రైవ్‌లో వేసుకోవచ్చు, పెట్టె పాడైతే ఇంకో పెట్టెలోకి మార్చుకోవచ్చు.

ఈ హక్కు ఊరికే రాలేదు. సోనీ కంపెనీ బీటామాక్స్ వీడియో రికార్డరు అమ్ముతుంటే సినిమా కంపెనీలు దావా వేశాయి. 1984 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు, ఇంట్లో ఉచిత టీవీ కార్యక్రమాన్ని రికార్డు చేసుకుని తర్వాత తీరికగా చూడటం తప్పు కాదని తీర్పు ఇచ్చింది. అదీ అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఒక్క ఓటు తేడా! తర్వాత 2003లో ఎఫ్.సి.సి. అనే అక్కడి ప్రభుత్వ కమిషన్, డిజిటల్ ప్రసారాలకు నకలు తీయడాన్ని అదుపు చేసే గుర్తు ఒకటి ఉండాలని, యంత్రాలన్నీ దానిని పాటించాలని నిబంధన చేసింది. గ్రంథాలయాల సంఘం కోర్టుకు వెళ్ళింది. ఆ అధికారం కమిషన్‌కు లేదని 2005లో కోర్టు కొట్టివేసింది. పుస్తకాలు అరువిచ్చే లైబ్రరీల వాళ్ళు టీవీ చూసేవాళ్ళ తరఫున పోరాడి గెలిచారు. సంఘం విలువ ఏమిటో మనకు వేరే చెప్పాలా?

ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. దాని పేరు ఎ.టి.ఎస్.సి. 3.0. బజారులో నెక్స్ట్‌జెన్ టీవీ అంటారు. 2017 నవంబరులో ఎఫ్.సి.సి. దీనికి అనుమతి ఇచ్చింది. ఇష్టమున్న స్టేషన్లు మారవచ్చు, పాత పద్ధతి ప్రసారం కూడా సాగించాలి అని షరతు పెట్టింది. కొత్తదానిలో మంచి లేదని నేను అనను. అంతే జాగాలో ఇంకా స్పష్టమైన బొమ్మ వస్తుంది. వెనక సంగీతం తగ్గించి మాటలు మాత్రం పెంచుకునే సదుపాయం ఉంది. చెవులు మందగించిన మనవంటివారికి అది వరమే. కాని రికార్డు చేసుకోవడం దగ్గరకు వచ్చేసరికి చిక్కులు మొదలవుతాయి.

మొదటిది, తాళం. కొత్త పద్ధతిలో స్టేషన్లు తమ ప్రసారాన్ని సంకేత రూపంలోకి మార్చి పంపవచ్చు. అనేక నగరాల్లో ఆ పని చేస్తున్నాయి కూడా. తాళంచెవి ఉన్న పెట్టెకే బొమ్మ కనిపిస్తుంది. ఆ చెవి కావాలంటే పెట్టె తయారుచేసేవారు ప్రసారకర్తలు ఏర్పాటు చేసుకున్న సంస్థ నుంచి అనుమతి పత్రం పొందాలి. సిలికాన్‌డస్ట్ వారి హెచ్.డి. హోమ్‌రన్ అనే పెట్టె 2020లోనే కొత్త పద్ధతిని అందుకునేలా వచ్చింది. స్టేషన్లు తాళాలు వేయడం మొదలుపెట్టాక దానిని కొన్నవారు ఆ ఛానెళ్ళు చూడలేకపోయారు. డబ్బు పెట్టి పెట్టె కొన్నారు, ప్రసారం ఉచితం, మధ్యలో తాళం.

రెండవది, తాళంచెవి ఉన్న పెట్టెలో రికార్డు చేసినా ఆ నకలు ఆ పెట్టెకే కట్టుబడి ఉండవచ్చు. మన భాషలో చెప్పాలంటే, రికార్డు రూములో కూర్చుని చదువుకోవచ్చు గాని సర్టిఫైడ్ కాపీ ఇవ్వరు. పెట్టె చెడితే అందులోని రికార్డింగులూ దానితోనే పోతాయి.

మూడవది, ధ్వని. కొత్త ప్రసారాల్లో ఎ.సి.-4 అనే కొత్తరకం ధ్వని పద్ధతి వాడుతున్నారు. అది అర్థం కాని ఫోన్లు, కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో బొమ్మ ఆడుతుంది, నోరు కదులుతుంది, మాట మాత్రం వినపడదు.

నాలుగవది, ట్యూనర్ల లెక్క. నేను పైన చెప్పిన పెట్టెలో నాలుగు ట్యూనర్లు ఉంటే రెండే కొత్త పద్ధతిని అందుకుంటాయి. కొన్ని పెట్టెలు అమర్చేటప్పుడు ఇంటర్నెట్ కూడా అడిగాయి. ఇంటర్నెట్ బిల్లు కట్టలేకనే యాంటెన్నా పెట్టుకున్న వృద్ధుల గతి ఏమిటి? ఇక ఇప్పుడున్న పాత రికార్డర్లు కొత్త ప్రసారాన్ని అసలే అందుకోలేవు. తయారీదార్లకూ ఈ దారి సాఫీగా లేదు. ఒక పేటెంటు వివాదం కారణంగా ఎల్.జి. కంపెనీ 2024 మోడళ్ళ నుంచి కొత్త ట్యూనర్లు పెట్టబోమని 2023లో తెలియజేసింది.

దీనివల్ల మనకు పోయేదేమిటని అడగవచ్చు. మా మనవరాలి స్కూలు పిల్లలు చేసిన సైన్సు ప్రదర్శనను అక్కడి లోకల్ ఛానెల్ వార్తల్లో చూపించారు. మా పిల్ల కనిపించింది అర నిమిషం కూడా లేదు. మా కోడలు పాత పెట్టెలో రికార్డు చేసి, ఆ ముక్కను పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చింది. ఇక్కడికి వచ్చాక బంధువులందరికీ చూపించాము. మా వియ్యపురాలు మంచం దిగలేని మనిషి. ఆమె ఆ అర నిమిషాన్ని ఎన్నిసార్లు వేయించుకుందో లెక్కలేదు. తర్వాత మావాడు కొత్త పెట్టె ఒకటి కొన్నాడు. దానిలో రికార్డు అయినది దానిలోనే చూడాలి, బయటకు రాదు. ఆ వార్త ఈ పెట్టెలో పడి ఉంటే ఆ పెద్దావిడ చూసి ఉండేది కాదు. స్పెల్లింగ్ బీ పోటీల అంతిమ ఘట్టాలు 2022 నుంచి అయాన్ అనే ఉచిత ఛానెల్లో వస్తున్నాయి. మన తెలుగు పిల్లలు ఎంతోమంది అందులో పాల్గొంటున్నారు. అటువంటి ప్రసారాలకు తాళం పడితే ఏ తాతయ్యకు నష్టమో ఆలోచించండి.

ప్రసారకర్తల వాదన కూడా చెప్పడం న్యాయం. దొంగ నకళ్ళు తీసి అమ్ముకునేవారిని ఆపడానికే తాళం అంటారు. పాత పద్ధతిలో కూడా వస్తున్న కార్యక్రమాల రికార్డింగుకు అడ్డు చెప్పబోమని కూడా నియమం పెట్టుకున్నారు. కాని మెలిక అక్కడే ఉంది. పాత ప్రసారం ఆగిపోతే ఆ హామీకి ఆధారమేది? 2025 ఫిబ్రవరిలో ప్రసారకర్తల జాతీయ సంఘం ఎఫ్.సి.సి.కి అర్జీ పెట్టుకుంది. మొదటి 55 పెద్ద మార్కెట్లలో 2028 ఫిబ్రవరికి, మిగిలినచోట్ల 2030 ఫిబ్రవరికి పూర్తిగా కొత్త పద్ధతికి మారాలని కోరింది. అదే ఏడాది అక్టోబరులో, పాత ప్రసారం తప్పనిసరి అనే షరతు తీసివేసే ప్రతిపాదనను కమిషన్ చర్చకు పెట్టింది. హామీ ఎంతకాలమో జి.ఓ.లో రాయకపోతే ఏమవుతుందో మనకు అనుభవమే.

కనుక పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి. కొత్త పెట్టె కొనేముందు: మన ఊరి ఛానెళ్ళలో వేటికి తాళం ఉందో, ఆ తాళం ఈ పెట్టె తీస్తుందో లేదో అడగాలి. రికార్డింగును వేరేచోటికి మార్చుకోవచ్చునా అని అడగాలి. ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుందా అని అడగాలి. పాత పెట్టెను అప్పుడే పారవేయవద్దు, పాత ప్రసారం ఉన్నంతకాలం అది పనిచేస్తుంది. దాచుకోదగినవి ఇప్పుడే నకలు తీసి పెట్టుకోవాలి. అన్నిటికంటె ముఖ్యం, ఇటువంటి ప్రతిపాదనల మీద ఎఫ్.సి.సి. ప్రజల అభిప్రాయాలు స్వీకరిస్తుంది. అక్కడ ఉంటున్న మన పిల్లలు నాలుగు వాక్యాలు రాసి పంపవచ్చు.

పి.పి.ఓ. నకలు చేతిలో లేక ట్రెజరీ చుట్టూ తిరిగినవారు మనలో ఉన్నారు. సర్వీసు రిజిస్టరులో ఒక పేజీ దొరక్క ఇంక్రిమెంటు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. చేతిలో నకలు ఉన్నవాడి మాట ఒకటి, "ఆఫీసుకు వచ్చి చూసుకోండి" అనిపించుకున్నవాడి మాట ఒకటి. ఉచితంగా ఇంటింటికీ పంపినదానికి ఇంట్లో ఒక నకలు ఉంచుకోనివ్వడం న్యాయమని నా అభిప్రాయం.

 నవంబరు దగ్గర పడుతోంది, లైఫ్ సర్టిఫికెట్ల సంగతి మరువవద్దని మనవి చేస్తూ సెలవు తీసుకుంటాను.