విగ్రహ పీఠముపై ఎవరి పేరు?
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



మన సీమ గ్రామ చరిత్రలను వ్రాయించిన కర్నల్ కాలిన్ మెకంజీకి ఒక విగ్రహము నిలుపవలెనని పెద్దలు కొందరు తలపెట్టియున్నారు. “దొరకు విగ్రహమా?” అని యువకులు కొందరు ఆక్షేపించుచున్నారు. ఉభయుల మాటయందును సత్యము కలదు.

మెకంజీ స్కాట్లండు వాసి. 1783లో కుంఫిణీ కొలువున మద్రాసు చేరెను. 1815లో భారతదేశమంతటికి తొలి సర్వేయరు జనరలయ్యెను. కుంఫిణీకి పటమనగా శాస్త్ర మొక్కటియే కాదు. సైన్యము నడపుటకు దారి, శిస్తు కట్టుటకు లెక్క. 1788లో గుంటూరు సర్కారు కుంఫిణీ వశమైన పిమ్మట ఆ లెక్కల బరువు మోసినవాడు మన రైతే. ఈ సంగతి మరుగుపరచి పూలమాల వేయరాదు.

అయినను ఆయన భూమిని కొలిచి ఊరకుండలేదు. దేవాలయ శాసనములకు నకళ్లు తీయించెను. కరణముల కవిలెకట్టలు వెదకించెను. ఊరికి పేరెట్లు వచ్చినది, చెరువెవరు త్రవ్వించిరి, మాన్యమెవరిచ్చిరి అని విచారింపజేసి కైఫీయత్తులు వ్రాయించెను. 1816లో అమరావతి స్తూపశిలలకు చిత్రములు గీయించెను. ఆ శిలలలో కొన్ని సున్నమై పోయినవి. కొన్ని మద్రాసుకు, లండనుకు తరలినవి. నశించినవానిలో పెక్కింటి రూపము నేడు ఆ చిత్రములందే కనబడుచున్నది.

కాని ఆయనకు మన భాషలు రావు. ఈ మాట 1817లో ఒక లేఖయందు ఆయనయే చెప్పుకొనెను. ఏలూరివారైన కావలి వెంకట బొర్రయ్య 1796లో పరిచయమైన పిమ్మటనే దేశవిద్యల వాకిలి తనకు తెరచుకొన్నదని భావము. బొర్రయ్య 1803లో చిన్న వయసుననే గతించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారము వహించెను. 1821లో మెకంజీ మరణించెను. ఆ పనిని తాను కొనసాగించెదనని లక్ష్మయ్య కోరగా, స్వదేశీయునకు అంతటి శక్తి లేదని కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారు 1830ల దశకమున త్రోసిపుచ్చిరి. పని చేసినన్నాళ్లు కనబడిన సామర్థ్యము, పెత్తనమడిగినప్పుడు కనబడకపోయెను!

1816లో థామస్ హికీ వ్రాసిన చిత్తరువులో మెకంజీ ఒంటరిగా లేడు. ప్రక్కన ముగ్గురు భారతీయ సహాయకులున్నారు. ఒకరి చేత దూరదర్శిని కలదు. చిత్రకారుడు చేసిన న్యాయమును శిల్పి మరువరాదు. కావున విగ్రహము నిలిపినచో పీఠముపై బొర్రయ్య, లక్ష్మయ్యల పేర్లును, పేరు దక్కని కరణములకై ఒక పంక్తియు చెక్కింపుడు. ఇది నా మొదటి మనవి.

రెండవది: విగ్రహమునకు ముందు పుస్తకము. కైఫీయత్తులు కొన్ని అచ్చయినవి. మన చుట్టుపట్ల ఊళ్లవి సంపాదించి ఈ గ్రంథాలయపు బీరువాలో నుంచుడు. పత్తితీతలు ముగిసి, కల్లములలో మిరప ఎండు దినములలో, సాయంకాలము ఒకరు చదువగా పదిమంది వినుడు. పిమ్మట చెరువుకట్ట, గుడి రాతిపలక, పొలిమేర రాయి చూచి రండు. ఏది మిగిలినది, ఏది పోయినది వ్రాసి యుంచుడు. ఈ పని చేయించుటకు మరల ఏ దొరయు రానక్కరలేదు.