ఫైనాన్స్ ఆనర్స్‌కు ప్రాణం నాలుగో ఏడాది
(తెల్లాపూర్‌లో జరిగిన కామర్స్ అధ్యాపకుల సదస్సులో అధ్యక్షోపన్యాసం)



విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల ఫైనాన్స్ ఆనర్స్ డిగ్రీ ఎలా నెలకొల్పాలన్నది ఈ రోజు మన ముందున్న విషయం. అధ్యక్ష స్థానంలో ఉన్నాను కదా అని అన్నిటినీ తడమను. ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఈ కోర్సుకు ప్రాణం నాలుగో ఏడాది. ఆ ఏడాది విద్యార్థి తన చుట్టూ తిరిగే డబ్బు గురించి ఒక ప్రశ్న తనే వేసుకోవాలి, లెక్క తనే కట్టాలి, జవాబు తనే రాసి పదిమంది ముందు నిలబెట్టుకోవాలి. అది లేకపోతే మనం ఇచ్చేది ఒక ఏడాది సాగదీసిన బీకాం మాత్రమే.

మనం కూర్చున్న చోటు చూడండి. ఇక్కణ్నుంచి నల్లగండ్ల దాటి గచ్చిబౌలి వైపు వెళ్తే 1974లో ఏర్పడ్డ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఆ పక్కనే బిజినెస్ స్కూలు ఐఎస్‌బీ. మరికాస్త ముందుకెళ్తే నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, అందులో దేశమంతటి బీమా వ్యాపారాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం. మాసబ్‌ట్యాంక్‌లో రిజర్వు బ్యాంకు 1996లో పెట్టిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ ఉంది. ఒక బ్యాంకు కార్డుతో ఇంకో బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసుకునే వీలు కల్పించిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో నడపడం మొదలుపెట్టింది ఆ సంస్థే. వెల్స్ ఫార్గో, జేపీ మోర్గాన్, గోల్డ్‌మన్ శాక్స్ వంటి సంస్థల పని ఈ నగరంలో రాత్రింబవళ్లు నడుస్తోంది.

ఇంత వ్యవహారం కళ్లెదుట ఉన్నప్పుడు సిలబస్‌ను కంపెనీల అవసరానికి తగ్గట్టు కుట్టేద్దామన్న తొందర సహజం. బ్యాంకింగ్, బీమా రంగాల ఉద్యోగాలకు డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థులను తయారుచేసే శిక్షణను రాష్ట్ర ప్రభుత్వం 2024లో మొదలుపెట్టింది. అది ఉండాల్సిందే. పేదింటి పిల్లకు మొదటి జీతం తెచ్చిపెట్టే చదువును నేను తక్కువ చేయను. కానీ ఆ శిక్షణకే మరో పేరు పెట్టి ఆనర్స్ అనడానికి నేను ఒప్పుకోను.

వ్యాపార విద్యను కాలేజీల్లో చెప్పడం కొత్తేమీ కాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వార్టన్ స్కూలు 1881లో, బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీ 1913లో మొదలయ్యాయి. మన తెలుగు నేల మీదా ఈ రంగానికి, ఈ విద్యకు చరిత్ర ఉంది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. 1984లో ఎన్.జె. యశస్వి హైదరాబాద్‌లో ఇక్ఫాయ్ అనే విద్యాసంస్థ పెట్టి, ఆర్థిక విశ్లేషణను ఒక ప్రత్యేక విద్యగా దేశం నలుమూలలకూ తీసుకెళ్లారు. ఆ రోజుల్లో ఈ విషయానికి విశ్వవిద్యాలయాల్లో చోటు తక్కువ, అందుకే బయటి సంస్థ ఆ పని చేయాల్సి వచ్చింది. నలభై ఏళ్ల తర్వాతైనా విశ్వవిద్యాలయం ఈ బాధ్యత తీసుకోవాలి.

యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం మనకు తెలిసిందే. మూడేళ్లకు 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయొచ్చు, అందులో 12 క్రెడిట్లు సిద్ధాంత వ్యాసానికి. మిగిలినవారు దాని బదులు మూడు పేపర్లు చదువుకుంటారు. నా అభ్యంతరం ఇక్కడే. మార్కులు తక్కువ వచ్చినంత మాత్రాన ప్రశ్న వేసే అవకాశం పోకూడదు. ఆ మూడు పేపర్లలో ఒకదాన్నయినా విద్యార్థి స్వయంగా తిరిగి, చూసి, లెక్కగట్టి రాసే నివేదికగా మార్చుకునే స్వేచ్ఛ మన పాఠ్యప్రణాళికా సంఘాలకు ఉంది. వాడుకుందాం.

ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయంటారా? ఈ ఊళ్లోనే. 2018లో మున్సిపాలిటీ అయిన తెల్లాపూర్ చుట్టూ ఇప్పుడు ఎటు చూసినా క్రేన్లే. ఈ పరిసరాల్లో ఇల్లు కొనాలని తిరిగినవాళ్లకు ప్రీలాంచ్ అన్న మాట కొత్త కాదు. కట్టడం పూర్తయ్యేసరికి కోటి రూపాయలయ్యే ఫ్లాటును, మొత్తం సొమ్ము ఇప్పుడే కడితే అరవై అయిదు లక్షలకే ఇస్తామంటారు. ముప్పై అయిదు లక్షలు మిగిలాయని కుటుంబం సంబరపడుతుంది. మన విద్యార్థి కాగితం తీసి లెక్క వేయాలి. చెప్పినట్టు నాలుగేళ్లలో తాళంచెవి చేతికొస్తే అది ఏటా 11.4 శాతం రాబడి. రెండేళ్లు ఆలస్యమైతే 7.4 శాతం, అంటే దాదాపు బ్యాంకు డిపాజిట్ వడ్డీ. అసలు కట్టకపోతే అసలుకే మోసం. కొనుగోలుదారు అనుకుంటున్నట్టు ఇది తగ్గింపు ధర కాదు, ఏ హామీ లేకుండా బిల్డరుకు ఇచ్చిన అప్పు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా ప్రకారం నమోదు కాని ప్రాజెక్టులో అమ్మకమే కుదరదు. నమోదైనదాంట్లో కూడా వసూలు చేసిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఆ నిబంధన ఎందుకు పుట్టిందో ఈ లెక్క వేసిన కుర్రాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి, మన ఇళ్లన్నిటికీ తెలిసిన చీటీ. ఇరవై మంది, నెలకు అయిదు వేలు, లక్ష రూపాయల చీటీ. మూడో నెలలో ఒకరు ముప్పై వేలు వదులుకుని పాడుకున్నారు. చేతికి డెబ్భై వేలు వస్తాయి. కంపెనీ కమీషన్ అయిదు శాతం అనుకుంటే అయిదు వేలు పోగా మిగిలిన పాతిక వేలు ఇరవై మందికి పంచాలి. తలకు 1,250 చొప్పున తగ్గి, ఆ నెల ఒక్కొక్కరు కట్టేది 3,750. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. పాడుకున్న మనిషికి పడ్డ వడ్డీ ఎంత? ఆ రోజున చెప్పలేం. రాబోయే పదిహేడు నెలల్లో మిగతావాళ్లు ఎంతకు పాడతారన్న దాని మీద ఆయన కట్టాల్సిన వాయిదాలు ఆధారపడతాయి. ఒకరి అవసరం మరొకరి రాబడి అవుతుంది. కాలానికి డబ్బు విలువ, భవిష్యత్తు మీద అనిశ్చితి, వేలం సిద్ధాంతం, ఎగవేత భయం, 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం, అన్నీ ఈ ఒక్క చీటీలో ఉన్నాయి. దీని మీద ఏడాది పాటు పనిచేసిన విద్యార్థికి విదేశీ పాఠ్యపుస్తకంలోని ఏ అధ్యాయమూ కొరుకుడుపడకుండా ఉండదు.

సత్యం కంప్యూటర్స్ సంగతి మన తరం మరిచిపోలేదు. ఇప్పుడు డిగ్రీలో చేరే పిల్లలు మాత్రం దాదాపు ఆ కాలంలో పుట్టినవాళ్లు. 2009 జనవరి 7న బయటపడ్డ లేఖలో, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని చైర్మనే ఒప్పుకున్నారు. పాఠంగా ఇది కార్పొరేట్ పాలన అన్న శీర్షిక కింద రెండు పేరాల్లో ముగిసిపోతోంది. నేను కోరేది వేరు. బ్యాంకులో డిపాజిట్ నిజంగా ఉందో లేదో ఆడిటర్ ఎలా తెలుసుకుంటాడు? బ్యాంకుకు ఉత్తరం తనే పంపాలి, జవాబు నేరుగా తనకే రావాలి, మధ్యలో కంపెనీ మనిషి చెయ్యి పడకూడదు. ఆ ఉత్తరాల రాకపోకలను సత్యం ఆడిటర్లు కంపెనీ యాజమాన్యానికే వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011లో తేల్చింది. విద్యార్థుల చేత ఆ ఉత్తరం రాయించండి, చిరునామా ఎక్కణ్నుంచి తెచ్చారో అడగండి, జవాబు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో రాయించండి.

2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణాల మీద వచ్చిన ఆర్డినెన్స్, 1994లో సికింద్రాబాద్‌లో మొదలై 2004లో కూలిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కూడా ఈ వరసలోవే. పత్రాలు దొరుకుతాయి, మాట్లాడే మనుషులు ఇంకా ఉన్నారు.

ఎవరిని చేర్చుకోవాలన్న దాని మీద నా మనసులో చాలా ఉంది. గణితం కావాలి, సందేహం లేదు. కానీ ఎంపీసీ చదివినవాళ్లకే అన్న నియమం పెడితే జిల్లాల నుంచి వచ్చే సీఈసీ పిల్లలు గుమ్మం బయటే ఉండిపోతారు. మొదటి ఏడాదికి ముందు ఒక వేసవి గణిత తరగతి పెడదాం. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండని, ఏడాదికి ఇరవై నాలుగు శాతమని రైతుబిడ్డకు ఇంట్లోనే తెలుసు. ఆ పిల్లవాడు తడబడేది ఇంగ్లిష్ వాక్యం దగ్గర. మొదటి రెండేళ్లు తరగతిలో తెలుగులో అడిగే, చెప్పే వీలుండాలి, నివేదిక తెలుగులో రాస్తే తీసుకోవాలి.

యంత్రాల మాట కూడా వస్తోంది. ట్రేడింగ్ ల్యాబ్ పేరుతో గోడంతా తెరలు బిగించే ఖర్చును నేను సమర్థించలేను. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన కోటిమందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారనీ, ఆ నష్టాలు మొత్తం 1.8 లక్షల కోట్లు దాటాయనీ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించింది. మన విద్యార్థుల్లో ఎందరి ఫోన్లలో ట్రేడింగ్ యాప్‌లు ఉన్నాయో మీకు తెలుసు. ల్యాబ్‌కు పెట్టే డబ్బుతో కంపెనీల లెక్కల డేటాబేసు కొనండి, గణాంకశాస్త్రం చెప్పే అధ్యాపకుణ్ని నియమించండి.

నాలుగో ఏడాది భారం చివరికి పడేది అధ్యాపకుల మీదే. ఒక్కో నివేదికను మూడుసార్లు చదివి దిద్దే పని అది. ఒక మార్గదర్శికి ఆరుగురికి మించి విద్యార్థులను అప్పగించకూడదని, ఆ గంటలను బోధన గంటలుగానే లెక్కించాలని, నివేదికలను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అందరూ చదువుకునేలా ఉంచాలని నా ప్రతిపాదన. మధ్యాహ్నం పాఠ్యప్రణాళిక మీద జరిగే చర్చలో ఈ మూడింటినీ తీర్మానంగా తీసుకోమని, ఒప్పుకోనివారు తమ కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమని కోరుతున్నాను. మొదటి పత్రం సమర్పించేవారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.