తీర్థం పట్టే చేయి

(దేవాలయ సమాజ వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠం)



వార్షికోత్సవ వేదిక మీద భక్తిని గురించో, సమాజ చరిత్రను గురించో ప్రసంగించడం ఆనవాయితీ. నేను ఈనాడు ఒక చిన్నపిల్లవాడి చేతులను గురించి మాట్లాడదలచుకున్నాను. అతడు నా మనుమడు. అతనికి ఆటిజం ఉన్నది.

ఐదేళ్ల వయసులో అతడు తీర్థం పట్టలేకపోయేవాడు. అర్చకులు ఉద్ధరిణె వంచే వేళకు కుడి అరచేతిని గుంటగా చేసి కదలకుండా నిలపడం మనకు ఒక పనిగానే తోచదు. అతని వేళ్లు మాత్రం విడిపోయేవి. తీర్థం నేలపాలయ్యేది. ఒకనాడు వరుసలో నిలిచిన వారందరి ఎదుట నేను నా కోడలితో, "వీడికి ఈ మాత్రం పద్ధతైనా నేర్పలేదా అమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి బదులు చెప్పలేదు. ఆ తరువాత నాలుగు నెలలు పిల్లవాడిని గుడికి తీసుకురాలేదు. నా ప్రశ్నలోని తప్పు నాకు తెలిసిరావడానికి అంతకాలం పట్టింది. మీలో అధిక సంఖ్యాకులు ఈ సింగపూరులోనే పుట్టి పెరిగి, నేడు తల్లిదండ్రులైనవారు. ఆ తప్పు మీ ఇంట జరగకూడదని నా కోరిక.

ఆటిజం అనగానే మనకు మాట ఆలస్యం కావడం, కళ్లలోకి చూడకపోవడం, ఒంటరిగా ఆడుకోవడం గుర్తుకు వస్తాయి. అయితే 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను వర్ణిస్తూ రాసిన తొలి వ్యాసంలోనే, వారిలో కొందరి నడకలో తడబాటు ఉన్నదని పేర్కొన్నాడు. మరుసటి సంవత్సరం వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ కూడా తాను చూసిన పిల్లలలో అటువంటి తడబాటునే గమనించాడు. తరువాతి దశాబ్దాలలో దృష్టి అంతా మాట మీద, కలుపుగోలుతనం మీద నిలిచింది. నేటికీ ఈ తడబాటు ఆటిజం నిర్ధారణకు తప్పనిసరి లక్షణం కాదు. అందువల్లనే చాలా ఇళ్లలో దానిని సోమరితనంగానో, మొండితనంగానో పొరబడతారు.

చలన నైపుణ్యాలు రెండు విధాలు. నడవడం, ఎగరడం, మెట్లెక్కడం, బంతి పట్టడం వంటివి స్థూల నైపుణ్యాలు. బొత్తాం పెట్టుకోవడం, పెన్సిలు పట్టడం, అన్నం ముద్ద కలుపుకోవడం వంటివి సూక్ష్మ నైపుణ్యాలు. ఆటిజం ఉన్న పిల్లలలో ఎక్కువమందికి ఈ రెంటిలో ఏదో ఒకచోట ఇబ్బంది కనబడుతుంది. కొందరికి కండరాల బిగువు తక్కువ. కొందరు మునివేళ్ల మీద నడుస్తారు. కొందరికి శరీరం ఏ స్థితిలో ఉన్నదన్న స్పృహ స్పష్టంగా అందదు. మరికొందరికి ఒక పనిని అంచెలుగా ఊహించుకొని, వరుస తప్పకుండా చేయడం కష్టం. ఎదుటివారిని చూసి అనుకరించడం కూడా అందరికీ సులభం కాదు. తీర్థం పట్టడానికి ఇవన్నీ ఒక్క క్షణంలో కలిసిరావాలి.

ఇక జీవన నాణ్యత మాట. పిల్లల విషయంలో దానిని నాలుగు వైపుల నుండి చూస్తారు: శరీరం, మనసు, స్నేహం, బడి. బొత్తాం పెట్టుకోలేని పిల్లవాడు బడికి ప్రతిరోజూ ఆలస్యమవుతాడు. బంతి పట్టలేనివాడిని ఆటలోకి పిలవరు. ఆటలోకి పిలవనివాడికి మాట కలిపే అవకాశం మరింత తగ్గుతుంది. మాట రాక స్నేహం కుదరలేదని మనం అనుకుంటాము. ఒక్కొక్కప్పుడు ఆ దూరం బంతి దగ్గరే మొదలై ఉంటుంది. చలన నైపుణ్యాలు మెరుగ్గా ఉన్న పిల్లలు తమ రోజువారీ పనులు తామే చేసుకోవడంలో ముందుంటారని పరిశోధనలు చూపుతున్నాయి. అయితే వ్యాయామం చేత ఆటిజం పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మన గమ్యం పిల్లవాడిని మరొకరిలా మార్చడం కాదు, అతని దినచర్యను అతనికి సుఖతరం చేయడం. తల్లి పెంపకం వల్ల ఆటిజం వస్తుందన్న పాత వాదాన్ని వైద్యశాస్త్రం ఏనాడో త్రోసిపుచ్చింది. కోడలిని నేను అడిగిన ప్రశ్నకు ఆధారమే లేదు.

ఏమేమి గమనించాలి? చాలామంది పిల్లలు ఏడాదిన్నరకు ఆధారం లేకుండా నడుస్తారు. రెండున్నరేళ్లకు రెండు కాళ్లతో ఎగురుతారు. మూడేళ్లకు పెద్ద పూసలు దారానికి గుచ్చుతారు. ఐదేళ్లకు కొన్ని బొత్తాలు పెట్టుకుంటారు, ఒంటికాలి మీద గెంతుతారు. ఇవి ఆలస్యమైనంత మాత్రాన ఆటిజం ఉన్నట్టు కాదు. కానీ "మగపిల్లలు నెమ్మదిగా నేర్చుకుంటారులే" అని ఊరుకోకండి. సింగపూరులో ప్రతి శిశువుకూ ఇచ్చే ఆరోగ్య పుస్తకంలో ఎదుగుదల పరీక్షల పుటలున్నాయి. వాటిని ఖాళీగా వదలకండి. సందేహం కలిగితే పాలీక్లినిక్ వైద్యుల ద్వారా కేకే ఆసుపత్రిలోనో, జాతీయ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలోనో ఉన్న శిశు వికాస విభాగానికి వెళ్లవచ్చు. ఆరేళ్ల లోపు పిల్లలకు ఎయిపిక్ అనే తొలిదశ సహాయ పథకం ఉన్నది. 2019 నుండి ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు కూడా ఈ దేశంలో నిర్బంధ విద్యా చట్టం వర్తిస్తున్నది. నలుగురికీ తెలుస్తుందేమోనన్న బిడియంతో ఈ తలుపులు తట్టక ఒక ఏడాది పోగొట్టుకుంటే ఆ ఏడాది తిరిగిరాదు.

ఇంట్లో చేయదగినవీ ఉన్నాయి. ఆక్యుపేషనల్ థెరపిస్టు మాకు నేర్పిన ఒక ఉపాయం చెబుతాను. పనిలోని చివరి అంచెను పిల్లవాడికి వదలండి. బొత్తామును కాజాలో సగం దాకా మీరు దూర్చి, చివర లాగడం అతనికి అప్పగించండి. పని పూర్తి చేసిన తృప్తి అతనిది అవుతుంది. అది కుదిరాక అంతకు ముందు అంచెను కూడా అతనికే ఇవ్వండి. మన పెద్దల ఆటలూ పనికివస్తాయి. వామనగుంటలలో చింతగింజలను ఒక్కొక్కటిగా విడవడం వేళ్లకు సాధన. తొక్కుడుబిళ్ల ఒంటికాలికి సాధన. అయితే ఓడినవారిని వెక్కిరించే ఆటగా కాక, ఇద్దరూ కలిసి ఆడే ఆటగా ఆడండి. చిన్న పిల్లలు గింజలు నోట పెట్టుకోకుండా కనిపెట్టి ఉండండి. చేతిని బలవంతంగా పట్టి చేయించకండి.

చివరగా మన సమాజానికి ఒక విన్నపం. సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ ఆలయం నుండి తైపూసం కావడులు బయలుదేరే నాటి రద్దీ మీకు తెలుసు. ఆ మోతను, ఆ తాకిడిని అందరు పిల్లలూ ఓర్చుకోలేరు. అటువంటి కుటుంబాలకు రద్దీ లేని ఒక వేళను, కూర్చోవడానికి ఒక నిశ్శబ్దపు మూలను చూపండి. పిల్లవాడికి ఒక పని ఇవ్వండి. తులసి దళాలు తుంచి పళ్లెంలో పెట్టడం, ప్రదక్షిణలో చిన్న బుట్ట మోయడం చాలు. తీర్థం ఒలికితే తల్లి ముఖం వైపు చూడకండి. నేల తుడవడానికి ఒక గుడ్డ చాలును.

నా మనుమడికి ఇప్పుడు ఏడేళ్లు. మా కోడలిని నేను క్షమాపణ అడిగాను. "మామయ్యగారూ, ఈసారి వాడి చేయి కింద మీ చేయి పెట్టండి" అని మాత్రం అన్నది. అలాగే పెడుతున్నాను. అర్చక స్వామి రెండు చుక్కలు పోసి, ఆగి, మళ్లీ రెండు చుక్కలు పోస్తారు. ఇప్పటికీ సగం ఒలుకుతుంది. మిగిలిన సగం వాడు తానే తాగి, తడి చేతిని తలకు రాసుకుంటాడు. ఆ ఒలికినది నా అరచేతిలో పడుతుంది. దానిని నేను కళ్లకద్దుకుంటాను.