ఐదు ఇళ్లకు ఒక కారు: మన ఏరియాలో కార్ షేరింగ్ పెట్టొచ్చా?

ఈరోజు టాపిక్ కాకినాడ నుంచి ఒక వ్యూయర్ పంపిన ప్రశ్న. బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాడు. వాళ్ల అపార్ట్‌మెంట్‌లో 20 ఫ్లాట్లు, కింద సెల్లార్‌లో 14 కార్లు. వాటిలో సగం ఆదివారం తప్ప బయటికి రావట. "అన్నా, ఇలాంటి కార్లు ఐదారు తీసుకుని మా ఏరియాలో కార్ షేరింగ్ పెడితే వర్కవుట్ అవుతుందా? యాప్ నేనే రాస్తాను. కానీ ఎక్కడ వెతికినా సరైన ఇన్ఫర్మేషన్ దొరకట్లేదు" అని అడిగాడు.

ఎందుకు దొరకట్లేదో ముందు చెప్తాను. "కార్ షేరింగ్" అని సెర్చ్ కొడితే మూడు వేర్వేరు విషయాలు కలగాపులగంగా వచ్చేస్తాయి. మీరు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ ఖాళీ సీట్లలో ఇద్దర్ని ఎక్కించుకుని పెట్రోల్ ఖర్చు పంచుకుంటే అది కార్ పూలింగ్. బ్లాబ్లాకార్ 2015 నుంచి మన దేశంలో చేస్తున్నది ఇదే. రోజుకు ఇంత అని కట్టి కారు తీసుకెళ్తే అది సెల్ఫ్ డ్రైవ్ రెంటల్. మనవాడు అడిగింది మూడోది. కొంతమంది మెంబర్లు ఉంటారు, వాళ్లందరికీ కలిపి కొన్ని కార్లు ఉంటాయి. ఎవరికి అవసరమైతే వాళ్లు రెండు గంటలకో, మూడు గంటలకో బుక్ చేసుకుని తీసుకెళ్లి, మళ్లీ అదే చోట పెట్టేస్తారు. మీరు ఏది చదువుతున్నా, ఈ మూడింట్లో దేని గురించి రాశారో ముందు చూసుకోండి. ఎందుకంటే ఒక్కోదానికి రూల్ వేరు.

ఈ మూడో పద్ధతి కొత్తదేం కాదు. 1948లోనే స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో సెఫాగే అనే సహకార సంఘం ఇలా కార్లు పంచుకుంది. అప్పట్లో కారు కొనే స్తోమత అందరికీ లేదు, అదీ కారణం. 1987లో అదే దేశంలో రెండు చిన్న సంఘాలు మొదలయ్యాయి. ఒకటి స్టాన్స్ అనే చిన్న ఊళ్లో, ఇంకోటి జ్యూరిక్‌లో. 1997లో రెండూ కలిసిపోయి మొబిలిటీ అయ్యాయి. ఇప్పుడు దేశమంతా కార్లున్నాయి, అయినా ఇప్పటికీ సహకార సంఘమే. అమెరికాలో 2000లో ఇద్దరు మహిళలు, రాబిన్ చేజ్, ఆంట్యే డేనియల్‌సన్, జిప్‌కార్ పెట్టారు. 2013లో ఏవిస్ దాన్ని దాదాపు 50 కోట్ల డాలర్లకు కొనేసింది. అదే ఏడాది బెంగళూరులో జూమ్‌కార్ మొదలైంది. తర్వాత అది సొంత కార్లు తగ్గించుకుని, మన కార్లనే లిస్ట్ చేయమనే పద్ధతికి మారింది.

మన తమ్ముడు గమనించాల్సింది ఏంటంటే, 1987లో స్మార్ట్‌ఫోన్ లేదు. ఫోన్ చేసి బుక్ చేసుకునేవారు, తాళం ఒక పెట్టెలో ఉండేది, కిలోమీటర్లు కాగితం మీద రాసేవారు. మన ఇంజనీర్లకు ఏ సమస్య చూపించినా ముందు లాగిన్ పేజీ డిజైన్ చేసేస్తాం! ఐదు ఇళ్లకు ఒక గూగుల్ క్యాలెండర్, ఒక షీట్, ఒక వాట్సాప్ గ్రూప్ సరిపోతాయి. యాప్ తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు అసలు పాయింట్. దయచేసి ఈ పార్ట్ స్కిప్ చేయకండి.

మన దేశంలో సెల్ఫ్ డ్రైవ్‌కి కార్లు అద్దెకివ్వాలంటే కేంద్రం 1989లో తెచ్చిన రెంట్ ఎ క్యాబ్ స్కీమ్ ఉంది. దాని ప్రకారం లైసెన్స్ కావాలంటే కనీసం 50 క్యాబ్‌లు ఉండాలి, వాటికి టూరిస్ట్ పర్మిట్ ఉండాలి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండే కార్లు చూసుంటారు కదా, అవి ఇవే. తెల్ల ప్లేటు సొంత వాడకానికి. అంటే ఐదారు తెల్ల ప్లేటు కార్లు పెట్టి బయటివాళ్లకి గంటల లెక్కన ఇవ్వడం ఈ స్కీమ్‌లో ఇమడదు. "మా ఊళ్లో బోర్డు పెట్టి మరీ ఇస్తున్నారన్నా" అంటారు. ఇస్తున్నారు, నేనూ చూశాను. యాక్సిడెంట్ అయ్యేదాకా అందరికీ బాగానే నడుస్తుంది.

యాక్సిడెంట్ అయితే? మీ ఇంట్లో కారుంటే ఇప్పుడే పాలసీ పీడీఎఫ్ ఓపెన్ చేయండి. "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అని ఒక చిన్న పేరా ఉంటుంది. ప్రైవేట్ కారు పాలసీ దేనికి వర్తించదో అక్కడ రాస్తారు. మొదటి మాటే "హైర్ ఆర్ రివార్డ్". అంటే అద్దెకిచ్చినా, డబ్బు తీసుకుని తిప్పినా పాలసీ షరతు మీరినట్టే. అప్పుడు కారు రిపేర్ క్లెయిమ్ రిజెక్ట్ చేసే హక్కు కంపెనీకి ఉంటుంది. అది లక్షో రెండు లక్షలో పోతుంది, ఏడ్చి ఊరుకుంటాం. అసలు భయం ఇంకోటి. ఎదుటి మనిషి ప్రాణం పోయినా, కాలు పోయినా వాళ్ల కుటుంబానికి ఇవ్వాల్సిన పరిహారానికి పై హద్దు లేదు. కంపెనీ ముందు బాధితులకు కట్టేసి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన కేసులున్నాయి. ఓనర్ ఎవరు? 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే. స్టీరింగ్ ముందు మీరు లేకపోయినా సరే. ఆ కాకినాడ తమ్ముడు వాళ్ల నాన్నగారి పేరు మీదున్న కారుతోనే మొదలుపెట్టాలనుకుంటున్నాడు. ఒక్క రాత్రిలో ఆయన రిటైర్‌మెంట్ డబ్బు మొత్తం ఈ షరతు కిందకి వెళ్లిపోవచ్చు.

అందుకే నా సలహా, బయటివాళ్లకి ఇచ్చే ఆలోచన పక్కన పెట్టు తమ్ముడూ. ఒకరికొకరు తెలిసిన ఐదు ఇళ్లు, ఒక కారు. ఇక్కడ ఎవరూ లాభం తీసుకోరు, ఖర్చు మాత్రం పంచుకుంటారు. ఓనర్ పర్మిషన్‌తో, సరైన లైసెన్స్ ఉన్న వేరే మనిషి నడిపితే మామూలు పాలసీ ఒప్పుకుంటుంది. కానీ నెలనెలా డబ్బు చేతులు మారుతుంది కాబట్టి, మీ పద్ధతి మొత్తం వివరిస్తూ ఇన్సూరెన్స్ కంపెనీకి ఈమెయిల్ పెట్టి, రాతలో జవాబు తెప్పించుకోండి. ఏజెంట్ ఫోన్లో "ఏం కాదు సార్" అంటే అది జవాబు కాదు. ఇంకోటి, పాలసీలో ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనర్‌కి మాత్రమే. మిగతా నాలుగు ఇళ్లవాళ్లకి వేరే కవర్ తీసుకోవాలి. గ్రూప్ పెద్దదైతే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది, ఆంధ్రా, తెలంగాణ రెండు చోట్లా. సంఘం పేరు మీద కారు కొనొచ్చా, ఎలా కొనాలి అన్నది ఒక ఆడిటర్‌ని కూర్చోబెట్టి మాట్లాడండి.

సరే, లెక్కలోకి వద్దాం. ఇవి నేను ఊహించి వేసిన అంకెలు, మీ ఊరి రేట్లు పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్ కారు 4 లక్షలు. నాలుగేళ్ల తర్వాత 2 లక్షల 20 వేలకు అమ్ముడుపోతుంది అనుకుందాం. అంటే నెలకు 3,750 రూపాయలు విలువ తగ్గుతుంది. ఇన్సూరెన్స్, సర్వీసింగ్, కడగడం అన్నీ కలిపి నెలకు 4,000. మొత్తం 7,750. కారు కదలకపోయినా ఇది పోతుంది. నెలకు 300 కిలోమీటర్లు తిరిగే ఇంట్లో, పెట్రోల్ పోయకముందే కిలోమీటరుకు దాదాపు 26 రూపాయలు! అదే ఐదు ఇళ్లు పంచుకుంటే నెలకు ఒక్కో ఇంటికి 1,550. పెట్రోల్ లీటరు 108, మైలేజీ 16 వేసుకుంటే కిలోమీటరుకు ఆరు రూపాయల డెబ్బై ఐదు పైసలు, టైర్ల అరుగుదలతో కలిపి 8 అనుకోండి. ఎవరు తిరిగినదానికి వాళ్లు ఆ 8 ఇస్తారు. ఏడాది చివర మిగిలింది తిరిగి పంచేయాలి, మిగుల్చుకోకూడదు. పెట్రోల్ పావు ట్యాంకు కంటే తక్కువుంటే ఎవరు దించితే వాళ్లే పోయించాలి. ఇది చిన్న రూల్‌లా కనిపిస్తుంది కానీ గొడవలు మొదలయ్యేది ఇలాంటి చోటే.

ఇంకో గొడవ సంక్రాంతి. ఐదు ఇళ్లకీ భోగి ముందురోజే కారు కావాలి. స్విట్జర్లాండ్ పుస్తకాల్లో దీనికి సొల్యూషన్ వెతకక్కర్లేదు, మనకి చీటీ పాటలు తెలుసు కదా. సంక్రాంతి, దసరా, ఉగాది, వేసవి సెలవులు, కార్తీక మాసం ఆదివారాలు, వీటికి ఏడాది మొదట్లోనే చీటీ తీసేయండి. ఈసారి సంక్రాంతి వచ్చినవాళ్లకి వచ్చేసారి రాదు. రానివాళ్లకి ఆ పండక్కి ట్యాక్సీ ఖర్చులో సగం కామన్ ఫండ్ నుంచి ఇవ్వాలి. అప్పుడు కారు దక్కనివాళ్లకి కూడా కోపం తగ్గుతుంది. ఆసుపత్రి ఎమర్జెన్సీ వస్తే మాత్రం బుకింగ్ ఎవరిదైనా కారు వదిలేయాలి. దీనికి ఐదు ఇళ్లూ ముందే సంతకం పెట్టాలి, అప్పటికప్పుడు బతిమాలుకునే పరిస్థితి ఉండకూడదు.

లాస్ట్‌గా ఈ-చలాన్. స్పీడ్ కెమెరా ఫొటో తీస్తే మెసేజ్ ఓనర్ ఫోన్‌కే వస్తుంది. మూడు వారాల తర్వాత "నేను కాదు, వాళ్లబ్బాయి" అంటే తేల్చేదెవరు? అందుకే కారు తీసేటప్పుడు ఒకటి, పెట్టేటప్పుడు ఒకటి, మీటర్ రీడింగ్ ఫొటో గ్రూప్‌లో వేయాలి. ఫొటోకి టైమ్ ఉంటుంది, చలాన్‌కీ టైమ్ ఉంటుంది. నాలుగు వైపులా గీతలు, సొట్టలు కూడా ఫొటో తీస్తే ఇంకా మంచిది. లైసెన్స్ లేని పిల్లాడికి తాళం ఇస్తే ఇచ్చిన ఓనర్ మీద కూడా కేసు అవుతుంది. కాబట్టి ప్రతి మెంబర్ లైసెన్స్ ఎప్పటిదాకా చెల్లుతుందో అదే షీట్‌లో ఒక కాలమ్ పెట్టుకోండి.

కాకినాడ తమ్ముడూ, ముందు మీ సెల్లార్‌లో ఆ 14 కార్లలో ఏది వారానికి ఎన్ని గంటలు కదులుతోందో ఒక నెల రాసిపెట్టు. ఆ షీట్ నాకు పంపు, నెక్స్ట్ ఎపిసోడ్‌లో దాని మీదే కూర్చుందాం. బై.