నీటి తెలివి మన తల్లుల ఆస్తి
(కొత్తపల్లె స్త్రీల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల చరిత్ర వ్రాసుకొనేటప్పుడు గుడి ఎవరు కట్టించారు, బడి ఎవరు పెట్టారు అని వ్రాసుకుంటాము. గోడలకు సున్నము కలపడానికి నీళ్ళు మోసిన స్త్రీల పేర్లు ఏ పుస్తకములోనూ కనబడవు. అందుచేత నేడు మేము నీటిని గురించి, నీటిని ఎరిగిన స్త్రీలను గురించి నాలుగు మాటలు చెప్పదలచాము.

మనకు తూర్పున నల్లమల ఉన్నది. ఆ కొండల తొలి బిడ్డలు చెంచులు. వాగు ఒడ్డునో, ఊట దగ్గరనో వారి పెంటలు వెలిశాయి. వేసవిలో వాగు ఎండినా, ఇసుకలో ఎక్కడ చెలమ తీస్తే నీరు ఊరుతుందో చెంచు తల్లికి తెలుసు. కూతురు ఆమె వెంట నడిచి ఆ చోటు నేర్చుకొనేది. చెంచు స్త్రీకి ఇంటిలో పురుషునితో దాదాపు సమానమైన స్థానము ఉన్నదని 1943లో వారిని గురించి గ్రంథము ప్రచురించిన హైమన్‌డార్ఫ్ గమనించాడు. అహోబిలము స్వామి చెంచు ఆడపడుచును పెండ్లాడాడని మన పొరుగువారు నేటికీ చెప్పుకుంటారు; చెంచులు ఆయనను తమ అల్లుడంటారు. ఆ అడవి ఎవరి పుట్టినిల్లో ఆ కథే చెబుతున్నది.

కాని 1980ల మొదట్లో శ్రీశైలము జలాశయము నిండినప్పుడు కృష్ణ ఒడ్డున వందకు పైగా గ్రామములు ఖాళీ అయ్యాయి. 1983లో నల్లమల పులుల సంరక్షణ పథకము క్రిందికి వచ్చింది. అడవిలో తిరగడానికి ఆంక్షలు పెరిగాయి. చెలమకు పోయే దారి మూతబడితే తల్లి కూతురికి ఏమి చూపించగలదు?

ఇక మైదానములోని మన సంగతి. మన సంఘములోని అనేక కుటుంబముల అవ్వలకు ఊరి బావిలో చేద వేసే హక్కు లేదు. కుండ క్రింద పెట్టి, పై కులము వారు ఎవరైనా పోసేదాకా నిలబడవలసినదే. రాజ్యాంగము 1950లోనే బావులు, చెరువులు అందరివీ అన్నది. అయినా 1985 జూలైలో కారంచేడులో ఏమి జరిగింది? మాదిగలు త్రాగే చెరువు నీటిని మురికి చేయవద్దన్న ఒక బాలుని కొడుతుండగా, నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త అనే సోదరి బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మరునాడు, జూలై 17న, పేటపై దాడి జరిగి ఆరుగురు ప్రాణములు కోల్పోయారు. మన ఆడవారికి నీళ్ళంటే పాట మాత్రమే కాదు, పోరాటము కూడా.

అంత కష్టములోనూ మన తల్లులు ఎంతో తెలివి కూడబెట్టారు. ఏ బావి నీటిలో కందిపప్పు మెత్తగా ఉడుకుతుందో, ఏ నీరు సవుడో నాలుకతో చెప్పేవారు. వాననీరు ఎర్రగా వస్తే ఇండుపగింజను కుండలోపల అరగదీసి తేటపరచేవారు. ఇప్పుడు కుళాయి వచ్చింది, డబ్బా నీళ్ళు వచ్చాయి. మంచిదే. మోత బరువు ఎవరికీ తిరిగి రాకూడదు. తిరిగి రావలసినది ఆ తెలివి, ఆ పేర్లు, నీటిని గురించిన తీర్పులో స్త్రీ మాట.

ఇది మన ఒక్కరి కోరిక కాదు. కెనడాలో అనిషినాబే జాతి పెద్దమ్మ జోసెఫిన్ మండామిన్ 2003లో రాగి బిందెలో నీరు పట్టుకొని సుపీరియర్ సరస్సు చుట్టూ నడిచింది. నీటిని కాచే బాధ్యత ఆడవారిదని తన జాతికి మళ్ళీ గుర్తుచేసింది. మన గ్రంథములో కూడా, ఇంటినుండి పారిపోయిన దాసి హాగరు అనుభవమునుండే అరణ్యములోని ఒక బావికి పేరు వచ్చింది. బావి త్రవ్వించినవాని పేరు కాదు, పారిపోయి వచ్చిన స్త్రీ చెప్పిన మాట నిలిచింది.

చట్టము కూడా మనవైపు ఉన్నది. 2006 అటవీ హక్కుల చట్టము నీటి వనరులను కాపాడే అధికారమును గ్రామసభకు ఇచ్చింది. ఆ సభలో స్త్రీలు నిరాటంకముగా పాల్గొనాలన్నది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ నియమముల ప్రకారము గ్రామ నీటి సంఘములో సగము మంది స్త్రీలు ఉండాలి. కాగితము మీద పేరుండి, సంతకము భర్త చేస్తే ప్రయోజనము లేదు.

కాబట్టి సహోదరీలారా, మూడు పనులు చేద్దాము. మన అవ్వల దగ్గర కూర్చుండి ప్రతి బావి, దొరువు, చెలమ పేరు వ్రాసుకుందాము. ఎవరిని ఏ బావికి రానివ్వలేదో అదీ దాచకుండా వ్రాద్దాము. చెంచు సోదరీలను మన కూడికలకు పిలిచి, వారు చెప్పగా విందాము. నీటి సంఘము కూర్చున్నప్పుడు వెనుక నిలబడక ముందు వరుసలో కూర్చుందాము.

మన అవ్వలలో చాలామంది వెళ్ళిపోయారు. ఉన్నవారిని ఈ వేసవి లోపలనే అడగండి.