ఉప్పునేలలో తియ్యని నీరు

బాపట్ల, చీరాల ప్రాంతపు ఇసుకభూములలో దొరువు నెరుగని రైతు ఉండడు. ఇసుకలో గుంట త్రవ్వి, అందులో ఊరిన నీటిని కుండలతో ముంచి నారుమళ్ళకును, కూరగాయలకును పోయుట అక్కడి పాత అలవాటు. సముద్రము అంత చేరువలో నుండగా ఆ నీరు తియ్యగా నెట్లుండును?

వాననీరు ఇసుకలో నింకి, అడుగుననున్న ఉప్పునీటిపై తేలియుండును. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. సముద్రమట్టముకంటె ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచినచో, ఆ మట్టమునకు దిగువ సుమారు 40 అడుగుల వరకు మంచినీరే యుండునని శాస్త్రజ్ఞుల లెక్క. ఇందులోనే హెచ్చరికయు కలదు. పైన ఒక్క అడుగు తరిగినచో, కాలక్రమమున క్రింది ఉప్పునీరు 40 అడుగులు పైకి వచ్చును. లోతుగా బోరు దింపి, పెద్ద పంపుతో ఒకేచోట తోడినప్పుడు జరుగునది ఇదియే. ఒకసారి ఉప్పనైన బావి మరల తియ్యబడుటకు ఏండ్లు పట్టవచ్చును.

బాపట్లలోని ఉప్పునీటి పరిశోధకులు ఈ దొరువునే మెరుగుపరచిరి. తక్కువ లోతున చిల్లులుగల గొట్టములను అడ్డముగా పరచి, వాని నీరు ఒక బావిలోనికి చేరునట్లు చేసి, అక్కడనుండి తోడుదురు. నీరు విశాలమైన మేరనుండి మెల్లగా వచ్చును గనుక పైపొర మాత్రమే కదలును.

బావినీరు ఇదివరకే ఉప్పనైనచో నేమి చేయవలెను? మొదట పరీక్ష చేయింపవలెను, నాలుక చాలదు. లీటరుకు 2 గ్రాముల ఉప్పుగల నీటిని ఎకరమునకు ఒక అంగుళము పెట్టినచో, సుమారు 200 కిలోల ఉప్పు పొలములో చేరును. అట్టివి 20 తడులైనచో 4 టన్నులు! నీటిని ఎండయు పైరును తీసికొనిపోవును. ఉప్పు అక్కడనే మిగులును.

కావున ఉప్పును వేళ్ళకు దిగువకు దింపుటయే ముఖ్యము. పైరుకు కావలసినదానికంటె కొంత అధికముగా నీరు పెట్టవలెను. ఆ నీరు బయటికి పోవుటకు మురుగుకాలువ ఉండవలెను. కాలువ లేనిచోట అధికజలము మేలుకు బదులు కీడు చేయును. ఇసుకనేలలో ఉప్పు సులభముగా దిగును, నల్లరేగడిలో దిగదు. వానకాలమున గట్లు వేసి వాననీటిని నిలిపినచో, నేలను కడుగుపని వానయే చేయును.

పైరు నెన్నుటయు ముఖ్యమే. నేల ఉప్పుదనము 7.7 డెసిసీమన్ల వరకు ప్రత్తి దిగుబడి తగ్గదు. వరికి ఆ హద్దు 3; ఉల్లికి 1.2 మాత్రమే. మొలకదశలో ఏ పైరైనను సుకుమారమే గాన, మొదటి తడులకు మంచినీరుంచి, పైరు నిలద్రొక్కుకొనిన పిమ్మట ఉప్పునీటిని వాడవలెను. ఉప్పునీటిని ఆకులపై చిలికినచో ఆకులు మాడును, మొదలునకే పెట్టవలెను.

వానలు వెలిసిన పిమ్మట ఒకసారి, నడివేసవిలో ఒకసారి బావినీటిని పరీక్షింపజేసి, ఫలితమును వ్రాసియుంచుడు. ఏటేట ఉప్పు పెరుగుచున్నట్లు తోచినచో, బావిని మరింత లోతుచేయుట కాదు, తోడుట తగ్గించుటయే మార్గము.