గల్లాపెట్టె దగ్గర చెప్పాల్సిన మాట
(సోలాపూర్ విడీ ఘర్కుల్‌లో యువజన కూడికలో చేసిన ప్రసంగం)

దసరా సెలవులకు కుటుంబంతో మీ సోలాపూర్ వచ్చాను. నిన్న కోట చూసి, ఒక పెద్ద శాకాహార హోటల్లో భోజనానికి కూర్చున్నాం. పప్పు నీళ్లలా ఉంది, రొట్టెలు చల్లారిపోయాయి, వంకాయ కూరలో నూనె తప్ప రుచి లేదు. నలుగురికి బిల్లు 1,600 రూపాయలు!

కోపం ఆపుకోలేక వడ్డించిన కుర్రాడి మీద హిందీలో అరిచాను. అతను తల వంచుకుని, "తప్పయింది సార్" అన్నాడు, తెలుగులో. అడిగితే చెప్పాడు: ఇల్లు విడీ ఘర్కుల్‌లోనే. తాతలు మగ్గం పనికి తెలంగాణ నుంచి వచ్చారు. అమ్మ బీడీలు చుడుతుంది.

వంట అతను చేయలేదు. ధర అతను పెట్టలేదు. ఆ ధర పెట్టిన యజమానికి మాత్రం నేను నోరెత్తకుండా డబ్బు కట్టి వచ్చాను. యాకోబు పత్రిక 5వ అధ్యాయం తీసి, కూలివాళ్ల పక్షాన నిలబడమని ఊరూరా చెప్పేది నేనే!

2006లో కుంభారిలో బీడీ కార్మిక మహిళలకు 10,000 ఇళ్లు వచ్చాయి. సంఘం కట్టి, ఏళ్ల తరబడి పోరాడి సాధించుకున్నారు. ఎవరిని నిలదీయాలో ఆ తల్లులకు తెలుసు.

రాత్రి మీలో ఒకరింట్లో జొన్నరొట్టె, శేంగా చట్నీ తిన్నాను. ఎంత రుచిగా ఉన్నా సిగ్గుతో ముద్ద దిగలేదు.

ఈ సాయంత్రం వెళ్లి ఆ తమ్ముణ్ణి క్షమాపణ అడుగుతాను. మీరూ గుర్తుపెట్టుకోండి: తిండి బాగోలేకపోతే గల్లాపెట్టె దగ్గర అడగండి. వడ్డించినవాళ్లను మాత్రం "నువ్వు తిన్నావా?" అని అడగండి.